చక్రం వంకర తీయడానికి 145 యూరోలా?

ప్రశ్న: మాది చిత్తూరు. ఆరేళ్లు బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో పనిచేసి, రెండేళ్ల క్రితం జర్మనీలోని స్టుట్‌గార్ట్‌కు వచ్చాను. నెలకు 2,900 యూరోలు చేతికొస్తాయి. ఇక్కడ సెకండ్ హ్యాండ్‌లో రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బండి కొన్నాను. పోయిన నెల ఫుట్‌పాత్ అంచుకు కొట్టుకుని ముందు చక్రం వంకర పోయింది. బెండ్ తీయడానికి షాపులో 145 యూరోలు అడిగారు. అంటే పద్నాలుగున్నర వేలు! బెంగళూరులో కలాసిపాళ్యం దగ్గర ఇదే పనికి 600 ఇచ్చాను. డిసెంబరులో ఇంటికి వస్తున్నా, చక్రం విప్పి సూట్‌కేసులో తెచ్చుకోనా? మీరు నవ్వినా ఫర్వాలేదు సార్. అన్నట్టు, నా పాత క్లాసిక్ మారతహళ్లి ఫ్లాట్ బేస్‌మెంట్‌లోనే ఉంది.

జవాబు: నవ్వలేదంటే అబద్ధమేనండీ. కానీ ఈ లెక్కలు నాకు కొత్త కాదు. సలహా కోసం నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది పిల్లలు బయట దేశాల్లోనే ఉన్నారు. కటింగ్‌కు పాతిక యూరోలా అని మొదటి ఏడాది జుట్టు పెంచుకున్న కుర్రాళ్లనూ చూశాను.

ముందు వందతో గుణించడం ఆపండి. మీరు సంపాదించేది రూపాయల్లో కాదు కాబట్టి ఖర్చును మీ పనిగంటల్లో చూడాలి. నెలకు 170 గంటలు పనిచేస్తారనుకుంటే, మీ గంట విలువ సుమారు 17 యూరోలు. 145 యూరోలంటే ఎనిమిదిన్నర గంటలు, ఒక రోజు కూలీ దాటిపోయింది. బెంగళూరులో మీకు 62 వేలు చేతికొచ్చేవనుకుందాం. గంటకు 365 రూపాయలు. అక్కడ ఇచ్చిన 600 మీకు గంటా నలభై నిమిషాల పని.

చూశారా, రూపాయలు పక్కనపెట్టినా అది ఖరీదే. మీ కడుపుమంటలో కొంత న్యాయముంది. అక్కడ పాలు, నూనె, టీవీ మీ జీతంతో పోలిస్తే చవక. మనిషి చెయ్యి పడిందంటే మాత్రం బిల్లు మోగుతుంది. జీఎస్టీలాంటి పన్ను 19 శాతం, అంటే మీ 145లో 23 యూరోలు ప్రభుత్వానివే. మిగతాదాంట్లో షాపు అద్దె, ఇన్సూరెన్స్, మూడున్నరేళ్లు శిక్షణ పొందిన మెకానిక్ జీతం. మిమ్మల్ని దోచుకున్నారని నాకు అనిపించలేదు.

కాబట్టి అడగాల్సింది ఆ పనిలో మీ చేత్తో అయ్యేదెంత, అతని చెయ్యే కావాల్సిందెంత అన్నది.

మా మామయ్యకు మదనపల్లెలో సైకిల్ షాపు ఉండేది. వంకర పోయిన చక్రాన్ని స్టాండుకు తగిలించి ఒక్క తిప్పు తిప్పేవాడు. సుద్దముక్కను రిమ్‌కు వెంట్రుకవాసి దూరంలో పట్టుకునేవాడు. బయటికి పొంగిన చోట సుద్ద గీత పడేది. అక్కడి చువ్వల నిపుల్స్‌ను (చువ్వను రిమ్‌కు బిగించే చిన్న నట్లు) పావు తిప్పు ఒకవైపు వదులు చేసి, ఎదుటివైపు బిగించేవాడు. మళ్లీ తిప్పు, మళ్లీ సుద్ద. మోటార్‌సైకిల్ చక్రానిదీ ఇదే పని, కాకపోతే సుద్దముక్క స్థానంలో వంకరను ముల్లుతో కొలిచి చూపే డయల్ గేజ్ ఉంటుంది. పక్కకు ఊగడం, పైకీ కిందికీ ఎగరడం రెండూ చూస్తారు. చాలా బళ్ల మాన్యువల్స్‌లో 2 మిల్లీమీటర్లు దాటకూడదని ఉంటుంది. నైపుణ్యమంతా ఈ అరగంట ముప్పావుగంటలోనే ఉంది. దీన్ని మీరు చెయ్యొద్దు. ఎక్కువ బిగిస్తే చువ్వ కొన లోపలికి పొడుచుకొచ్చి ట్యూబు పంచరవుతుంది, పైగా అది ముందు చక్రం.

బండి ఎత్తి నిలపడం, యాక్సిల్ (చక్రం ఇరుసు) విప్పడం, చక్రం తీయడం, మళ్లీ బిగించడం మాత్రం మీరు చేసుకోవచ్చు. షాపుకు ఫోన్ చేసి, "విడి చక్రం తెస్తే ఎంత?" అని అడగండి. 55, 60 అంటే మీకు 85 యూరోలు మిగిలినట్టే, అంటే అయిదు గంటల జీతం. స్టాండు, ఎంత బిగించామో కొలిచే టార్క్ రెంచ్ కొనాల్సి వస్తే మొదటిసారి మిగిలేదేమీ ఉండకపోవచ్చు. అవి టైరు మార్చినప్పుడు, చైను సర్దినప్పుడు మళ్లీ పనికొస్తాయి. చక్రం బయట ఉన్నప్పుడు బ్రేక్ లివర్ నొక్కకండి, ప్యాడ్లు మూసుకుపోతాయి. మధ్యలో అట్టముక్క పెట్టండి. యాక్సిల్ మాన్యువల్‌లో రాసినంతే బిగించండి. చేతికి నమ్మకం లేకపోతే 145 ఇచ్చేయండి. బ్రేకుల దగ్గర పొదుపు వద్దు.

డబ్బిచ్చేముందు ఒక చిన్న పరీక్ష. చెంచాతో చువ్వల్ని ఒక్కొక్కటే తట్టండి. బిగువుగా ఉన్నవి టింగుమంటాయి, వదులైనవి మొద్దుగా పలుకుతాయి. రిమ్ అంచే సొట్టపోయి ఉంటే చువ్వలు తిప్పినా లాభం లేదు, రిమ్ మార్చాల్సిందే. బేరింగ్ పోయినా చక్రం ఊగుతుంది, అప్పుడు బెండ్ తీయించిన డబ్బు బూడిదలో పోసినట్టే. అందుకే అంచనా బిల్లు రాయించుకోండి. వేరే ఒప్పందం లేకుంటే అంచనాకు చార్జీ వేయకూడదని అక్కడి చట్టం. ఆ అంకెను బాగా దాటేట్టుంటే ముందే మీకు చెప్పాలి కూడా.

ఇన్సూరెన్స్ జోలికి పోవద్దు. తప్పనిసరి పాలసీ ఎదుటివాళ్ల నష్టానికే. మీ బండికీ వర్తించే పూర్తి కవరేజీ ఉన్నా, మీరు భరించాల్సిన మొత్తమే ఈ బిల్లును మించే అవకాశం ఎక్కువ. పైగా క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడాది ప్రీమియం పెరగొచ్చు.

మీరు ఏడాది పొడవునా ప్రీమియం కడుతున్నారా? మంచులో నడపరు కదా. మార్చి నుంచి అక్టోబరు దాకా చెల్లే సీజనల్ నంబర్ ప్లేటు తీసుకుంటే, పన్నూ ఇన్సూరెన్సూ ఆ నెలలకే. 350 సీసీకి పన్ను ఏడాదికి పాతిక యూరోలే కాబట్టి మిగులు ప్రధానంగా ప్రీమియంలో కనిపిస్తుంది. దానికి నెలకు 30 యూరోలు కలిపి బండి ఖాతా అని వేరుగా పెట్టుకోండి. ఇలాంటి బిల్లు వచ్చినప్పుడు టెన్షన్ ఉండదు.

ఇక మారతహళ్లి బేస్‌మెంట్ బండి. నన్నడిగితే అసలు నష్టం అక్కడ జరుగుతోంది. కదలకుండా బ్యాటరీ పోతుంది, టైర్లు ఒకేచోట అణిగిపోతాయి, ధర ఏటా పడిపోతుంది. రోడ్డెక్కించాలంటే థర్డ్ పార్టీ పాలసీ తప్పదు. 2022 రేట్ల ప్రకారం మీ బండికి ఏడాదికి 1,366 రూపాయలు, పైన జీఎస్టీ. పాలసీ ముగిసి 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) కూడా పోతుంది. రెండు మూడేళ్లలో తిరిగొచ్చే ఆలోచన లేకపోతే డిసెంబరులోనే అమ్మేయండి. బండిని కొన్నవాడి పేరుకు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలకు మీరు ఇక్కడ ఉండటం మేలు. ఆర్‌సీ మారిందని కళ్లతో చూశాకే విమానం ఎక్కండి. లేకపోతే కొన్నవాడి చలానాలు మీ పేరునే వస్తుంటాయి.

చక్రాన్ని మాత్రం అక్కడే ఉంచండి. దాన్ని ఇక్కడికి తెస్తే తిరిగి తీసుకెళ్లాల్సిందీ మీరే. మీ అమ్మగారి ఆవకాయకు ఆ కిలోలు కావాలి.