పదమూడేళ్ల బాబు ప్రతి బంతినీ త్రీ పాయింట్ గీత దగ్గరి నుంచే విసురుతున్నాడు: ముందు ఏది సరిచేయాలి?

అన్నా, మీ ప్రశ్న చదవగానే నవ్వొచ్చింది, ఎందుకంటే నాలుగేళ్ల కింద మా ఇంట్లో ఇదే కథ. మీ బాబు మిర్యాలగూడలో స్కూల్ బాస్కెట్‌బాల్ టీంలో ఆడుతున్నాడు, బంతిని నడుం దగ్గరి నుంచి రెండు చేతులతో ఎగరేస్తాడు, చేతికొచ్చిన ప్రతి బంతినీ మూడు పాయింట్లొచ్చే దూరపు గీత దగ్గరి నుంచే వేస్తాడు, పీఈటీ సార్ తిడుతున్నారు. ముందు ఫామ్, అంటే బంతి వదిలే పద్ధతి, సరిచేయాలా, ఎప్పుడు షూట్ చేయాలో నేర్పాలా అని అడిగారు.

నా సమాధానం: అవి రెండు రోగాలు కావు, ఒకటే. దూరం నుంచి వేస్తున్నాడు కాబట్టే ఫామ్ చెడింది. నేను కోచ్‌ను కాను, డిగ్రీలో కాలేజీ టీంకు ఆడాను, ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో ఉద్యోగం చేసుకుంటూ పొద్దున పూట మా బిడ్డతో గ్రౌండ్‌కు పోయే తండ్రిని. కాబట్టి నేను చేసిన తప్పులతో సహా చెప్తాను.

మా బిడ్డ పదకొండేళ్లకు బంతి పట్టింది. నేను సంబరపడిపోయి పోయి ఏడో నంబర్ బంతి కొన్నాను, పెద్ద మగవాళ్లు ఆడేది. అది ఆరువందల గ్రాముల చుట్టూ తూగుతుంది. పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఐదో నంబర్ చాలు, అది ఐదువందల గ్రాములు దాటదు. ఆడపిల్లలకు, పదమూడు పద్నాలుగేళ్ల మగపిల్లలకు ఆరో నంబర్. వంద గ్రాముల తేడా మనకు లెక్కలోకి రాదు కానీ ఆ మణికట్టుకు వస్తుంది. పైగా రింగు నేల నుంచి పది అడుగుల ఎత్తు, అంటే 3.05 మీటర్లు. త్రీ పాయింట్ గీత 6.75 మీటర్ల దూరం. అంత బరువు బంతిని అంత దూరం, అంత ఎత్తుకు పంపాలంటే నుదుటి దగ్గరి నుంచి ఒక్క చేత్తో పిల్లల వల్ల కాదు. అందుకని ఒళ్లే దారి వెతుక్కుంటుంది. బంతిని నడుం దాకా దించుతారు, రెండు చేతులూ కలుపుతారు, వెనక్కి వాలి, బావిలోంచి చేద లాగినట్టు కింది నుంచి పైకి ఈడ్చి వదులుతారు. మీ బాబు చేస్తున్నది అదే. వాడి తప్పేం లేదు, దూరం వాడితో అలా చేయిస్తోంది. రోజూ వంద అలా వేస్తే ఆ ఈడ్పుకే చెయ్యి అలవాటు పడుతుంది.

ఒక పరీక్ష పెట్టి చూడండి. రేపు పొద్దున బాబును రింగుకు నాలుగడుగుల దూరంలో నిలబెట్టండి. ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకోమనండి. కుడిచేత్తో బంతిని, పళ్లెం మోసినట్టు వేళ్ల మీద నిలబెట్టి, అరచేయి మధ్యలో కొంచెం సందు ఉంచి, మోకాళ్లు వంచి పైకి లేస్తూ వదలమనండి. మీరేమీ చెప్పకుండానే మోచెయ్యి బంతి కిందికి వచ్చేస్తుంది, రాకపోతే బంతి పక్కకు జారిపోతుంది కాబట్టి. వదిలాక వేలి కొనలు నేల వైపు వాలి ఉండాలి, బంతి వెనక్కి తిరుగుతూ పోవాలి. మా బిడ్డ మొదటి రోజు అలా ఇరవై వేస్తే, నేను ఆర్నెల్లుగా మొత్తుకున్న 'మోచెయ్యి లోపల, మోచెయ్యి లోపల' అనేది మాట లేకుండానే వచ్చింది. ఆ ఆర్నెల్లు నోరు నొప్పి పెట్టుకున్నందుకు నాకు సిగ్గేసింది.

ఆ తర్వాత ఒక్కో అడుగు వెనక్కి జరపండి, ఎడమ చెయ్యి పక్కన ఆనించుకోనివ్వండి. ఎక్కడో ఒక చోట భుజం ఎగరడం, బంతి కిందికి దిగడం, కాళ్లు ముందుకు దూకడం మొదలవుతుంది. అక్కడ ఆపి సుద్దముక్కతో గీత గీయండి. మా బిడ్డకు అది ఫ్రీ త్రో గీతకు (ఫౌల్ అయినప్పుడు ఎవరూ అడ్డు లేకుండా నిలబడి వేసే చోటు) రెండడుగుల లోపల వచ్చింది. ఫ్రీ త్రో గీతే బోర్డు నుంచి 4.6 మీటర్లు, అంటే ఆమె హద్దు అంతకన్నా లోపలే. పొలం గట్టు లాంటిది అనుకోండి, దాని లోపల పండేదే మన పంట. ఆ గీత నుంచి పదికి ఏడు పడితేనే, అదీ రెండు వేర్వేరు రోజుల్లో పడితేనే, ఒకడుగు వెనక్కి. నాలుగు నెలలు పట్టింది ఫ్రీ త్రో గీత దాటడానికి. మధ్యలో రెండుసార్లు ముందుకు కూడా జరిగాం, ఎండాకాలం సెలవుల్లో ఊరెళ్లొచ్చాక ఒకసారి, జ్వరం వచ్చాక ఒకసారి.

ఎడమ బొటనవేలి సంగతి విడిగా చెప్పాలి, చాలామంది పెద్దవాళ్ల షాట్‌ను కూడా పాడుచేసేది అదే. ఎడమ చెయ్యి బంతిని ఆనుకుని ఉండాలి అంతే, తొయ్యకూడదు. కానీ చివరి క్షణంలో ఆ బొటనవేలు ఒక చిన్న తోపు తోస్తుంది, బంతి గిర్రున పక్కకు తిరుగుతూ రింగు అంచుకు తగులుతుంది. అది మామూలు కంటికి కనబడదు. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో ఎదురుగా నిలబడి తీస్తే కనబడుతుంది. మా ఇంట్లో దీనికి మందు ఆర్టీసీ టికెట్. మా ఆవిడ రోజూ జడ్చర్ల పోయి వస్తుంది, 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం కదా, ఇంటి నిండా జీరో టికెట్లే. ఒక టికెట్‌ను నాలుగు మడతలు పెట్టి మా బిడ్డ ఎడమ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇరికించేవాణ్ని. వేలు తోసిందా, టికెట్ కింద పడుతుంది. మొదటి వారం కోర్టు నిండా టికెట్లే, ఊడ్చుకోవడం ఇంకో పని. మూడో వారానికి ఒకటో రెండో. నేను నోరు తెరవాల్సిన పనే లేకపోయింది, పడిన టికెట్ ఆమే చూసుకుని నాలుక కరుచుకునేది.

బంతి ఎత్తుగా పోవాలని అందరూ చెప్తారు, ఎందుకో చెప్పరు. లెక్క చిన్నదే. రింగు వెడల్పు 45 సెంటీమీటర్లు, పెద్ద బంతి వెడల్పు దాదాపు 24. బంతి నిట్టనిలువుగా దిగితే రింగు మొత్తం దానికి తెరిచి ఉన్నట్టే. 45 డిగ్రీల వాలుతో దిగితే దానికి దొరికే సందు 32 సెంటీమీటర్లకు వస్తుంది. 30 డిగ్రీలకు పడిపోతే 22 చిల్లర, అంటే బంతి కన్నా సందే చిన్నది. అంచుకు తగలకుండా పడే వీలే లేదు. నడుం దగ్గరి నుంచి బలంగా విసిరిన బంతి సాధారణంగా ఇలా చదునుగానే వస్తుంది. మా బిడ్డ స్కూల్లో సైన్, కాస్ చదివాక ఈ లెక్క తనే వేసి నాకు చూపించింది, అంతవరకూ నా మాట మీద నమ్మకం లేదని అర్థమైంది.

ఇంకో మాట, మీరు ఆడే చోట రింగును కూడా ఒకసారి కొలవండి. మేం పోయే గ్రౌండ్‌లో రింగు పట్టుకుని పెద్దపిల్లలు వేలాడి వేలాడి అది ముందుకు వాలింది. టేపు పెట్టి చూస్తే ముందు అంచు మూడు అంగుళాలు కిందికి ఉంది. ఆ రింగు మీద అలవాటైన పిల్లలు పోటీలకు పోతే అన్నీ పొట్టిగా పడతాయి. నలుగురం తల్లిదండ్రులం చందాలేసుకుని వెల్డింగ్ షాపు అతన్ని తీసుకొచ్చాం. అతను ఇనుప ముక్క అతికించి, 'సార్, దీని మీద ఎవరన్నా మళ్లీ ఊగితే నన్ను పిలవొద్దు' అని పోయాడు. అదే రోజు వెలిసిపోయిన బోర్డు మీద నలుపు పెయింట్‌తో రింగు వెనక ఉండే పెట్టె గీత, 59 సెంటీమీటర్ల అడ్డం, 45 నిలువు, మళ్లీ గీశాం. రింగుకు పక్కవాటంగా ఉన్నప్పుడు ఆ పెట్టె పైమూలకు తగిలేట్టు వేస్తే బోర్డే బంతిని లోపలికి పంపుతుంది. చిన్నపిల్లలకు అన్నిటికన్నా నమ్మకమైన షాట్ అది, మోజు లేదు కాబట్టి ఎవరూ వెయ్యరు.

ఇక షాట్ ఎంచుకోవడం. మా బిడ్డకు నేను పెట్టింది ఒకే నియమం: ప్రాక్టీసులో గీసిన సుద్దగీత మ్యాచ్‌లో కూడా ఉన్నట్టే. దాని అవతల ఉంటే పాస్ లేదా డ్రిబ్లింగ్‌తో లోపలికి. లోపల ఉన్నా సరే, కాళ్లు నిలకడగా లేకపోయినా, ఎదుటి పిల్ల చెయ్యి ముఖం మీద ఉన్నా వెయ్యొద్దు. వినడానికి సులువే. పిల్లలు మాత్రం మాటకు వినరు, అంకెలకు వింటారు. అందుకని ఒక పాత నోట్‌బుక్‌లో కోర్టు బొమ్మ గీసి, ప్రతి మ్యాచ్‌లో ఎక్కడి నుంచి వేసిందో, పడిందా లేదా గుర్తు పెట్టాను. మొదటి మ్యాచ్‌లో పద్నాలుగు వేసింది. త్రీ పాయింట్ గీత బయటి నుంచి తొమ్మిది, పడింది ఒకటి. లోపలి నుంచి ఐదు, పడినవి మూడు. రాత్రి అన్నం తినేటప్పుడు పుస్తకం ముందు పెట్టాను, ఏమీ అనలేదు. కాసేపు చూసి, 'తొమ్మిదికి మూడు పాయింట్లా?' అంది. అంతే. రెండు పాయింట్ల షాట్లు ఐదుకు మూడు పడితే ఆరు పాయింట్లు, అదే ఆరు దూరం నుంచి రావాలంటే ఐదుకు రెండు పడాలి. ఆ వయసులో ఐదుకు రెండు దూరం నుంచి వేసే పిల్లలు నాకు ఇంతవరకు తగల్లేదు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. బయట కూర్చుని ఆమెకు బంతి అందగానే 'వెయ్యి, వెయ్యి' అని అరిచేవాణ్ని. ఆమె ఒక రోజు మ్యాచ్ అయ్యాక బండి మీద వెనక కూర్చుని, 'నువ్వు అరిస్తే టెన్షన్ అయితది నాయినా, ఎవరు ఖాళీగున్నరో కనబడదు' అంది. చెడ్డ షాట్లలో సగం నావే అన్నమాట. అప్పటి నుంచి మ్యాచ్‌కు పోతే నోట్లో బఠానీలు వేసుకుని కూర్చుంటాను. మీరు అరుస్తారో లేదో నాకు తెలియదు కానీ ఎందుకైనా మంచిది, ఒకసారి గుర్తు చేసుకోండి. మా దగ్గర నేను చూసిన స్కూల్ పోటీల్లో చాలావాటికి బోర్డు మీద 24 సెకన్ల గడియారం (బంతి దొరికాక ఎంతలోపు షూట్ చేయాలో చూపేది) కూడా ఉండదు, ఇక తొందర దేనికి?

బాబు అమెరికా ఆటగాడు స్టెఫెన్ కర్రీ వీడియోలు చూసి అలా వేస్తున్నాడని రాశారు. ఆ వీడియోలు ఆపించకండి, మిగతా కథ కూడా చెప్పండి. కర్రీ కూడా స్కూల్ రోజుల్లో బక్కగా ఉండి నడుం దగ్గరి నుంచే వేసేవాడు. అలాగైతే పెద్దయ్యాక ఎదుటివాళ్లు అడ్డుకుంటారని, అమెరికా పెద్ద లీగ్ ఎన్‌బీఏలో ఆడిన వాళ్ల నాన్న డెల్ కర్రీ ఒక వేసవి సెలవుల్లో మొత్తం షాట్‌నే మార్పించాడు. కొన్ని వారాలు దగ్గరి నుంచి తప్ప వేయలేకపోయాడు, ఏడుపొచ్చేంత కష్టపడ్డాడని తర్వాత చెప్పుకున్నారు. ఆ తర్వాతే 2015-16 సీజన్‌లో 402 త్రీలు. మా బిడ్డకు మాత్రం నేను ఈ కథ చెప్తే, 'ఆయనకు వాళ్ల నాన్న ఎన్‌బీఏ' అని ఒక్క మాటతో కొట్టిపారేసింది.

మీకూ ఆ ఏడుపు వారాలు ఉంటాయి. కొత్త ఫామ్ మొదలుపెట్టిన పదిహేను ఇరవై రోజులు ఇదివరకు పడేవి కూడా పడవు. అప్పుడు పడినవి లెక్కపెట్టకండి, సరిగ్గా వదిలినవి లెక్కపెట్టండి. భుజమో మోచెయ్యో నొప్పి అంటే ఆ రోజుకు ఆపేయండి. ఒక వేసవి క్యాంపులో పన్నెండేళ్ల పిల్లలతో రోజుకు రెండొందల త్రీలు వేయించారు, మా బిడ్డ మోచెయ్యి నెల రోజులు నొప్పి పెట్టింది, డబ్బు కట్టి కొనుక్కున్న నొప్పి అది. ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు, మీది మా కన్నా ఎక్కువే. ఏప్రిల్ వచ్చిందంటే ఆరింటికి మొదలై ఏడున్నరకు ముగించాలి. సిమెంట్ కోర్టుకు రబ్బరు బంతి చాలు, తోలుది నెలకే గీరుకుపోతుంది. తడిగుడ్డ ఒకటి దగ్గరుంచుకోండి, దుమ్ము పట్టిన బంతి వేళ్ల మీద నిలవదు.

పీఈటీ సార్‌తో మాట్లాడాలా అని చివర్లో అడిగారు. తప్పకుండా మాట్లాడండి, కానీ ఫిర్యాదులా కాదు. సుద్దగీత సంగతి చెప్పి, 'ఒక నెల మా వాణ్ని లోపలి నుంచే వెయ్యనివ్వండి సార్, బయట పాస్ ఇస్తాడు' అనండి. మా సార్ అయితే నోట్‌బుక్ అడిగి తీసుకుని టీం మొత్తానికీ అలాంటిదే పెట్టించారు. ఒకవేళ ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) జిల్లా సెలక్షన్లు ఈ పది పదిహేను రోజుల్లోనే ఉంటే ఫామ్ జోలికి ఇప్పుడు పోకండి. వాడికి వచ్చిన పద్ధతిలోనే, దగ్గరి నుంచి మాత్రమే వెయ్యమనండి. సెలక్షన్లయ్యాక మర్నాడు పొద్దున టికెట్ ముక్కతో మొదలుపెట్టండి.