ఇంటికంటే ముందు హద్దులు పట్టుకో

చిరంజీవి మనవరాలికి, తాతయ్య ఆశీస్సులు.

నీ మెసేజి అమ్మమ్మ చదివి వినిపించింది. మీ నాన్నగారి తాతముత్తాతలున్న మండువా ఇల్లు ఎక్కడుందో కనుక్కుంటానంటున్నావు, సంతోషం. నీ దగ్గరున్నవి ఇంటిపేరు, "రాజోలు వైపు ఏదో లంక" అన్న మాట, అరుగు మీద నలుగురు కూర్చున్న ఫొటో. మొదలుపెట్టడానికి ఇవి చాలు. దస్తావేజులు రాసి బతికినవాణ్ణి కాబట్టి నాకు తెలిసిన దారే చెబుతాను. ఇంటిని ఇంటివాళ్ల పేరుతో వెతక్కు, హద్దులతో వెతుకు.

ప్రభుత్వం భూమి రికార్డుల వెబ్‌సైటు మీభూమిలో ఇంటిపేరు కొట్టి చూస్తే ఏమీ రాలేదని రాశావు. రాదమ్మా. అడంగలు, 1బి పొలాల లెక్కలు. ఊళ్లో ఇళ్లున్న నేలని గ్రామకంఠం అంటారు. దాన్నంతా ఒకచోట చూపించి వదిలేశారు తప్ప, అందులో ఎవరిల్లు ఎన్ని గజాలో రెవెన్యూ వాళ్లు రాసిపెట్టలేదు. 2020లో స్వామిత్వ పథకం వచ్చి డ్రోన్లతో కొలవడం మొదలయ్యాకే ఆ స్థలాలు లెక్కకెక్కుతున్నాయి, అవి కూడా ఇప్పుడున్నవాళ్ల పేర్లతో. పాత ఇంటి జాడ ఉండేది రిజిస్టరైన కాగితాల్లోనే. అమ్మకం, తాకట్టు, అన్నింటికంటే ముఖ్యం అన్నదమ్ముల పంపకాల దస్తావేజు.

పంపకాల కాగితం ఒక్కటి దొరికితే సగం పని అయినట్టే. అమ్మకంలో క్లుప్తంగా రాసినవన్నీ పంపకాల్లో విడమరిచి రాయించుకునేవారు. పెద్దవాడికి మండువాలో పడమటిల్లు, చిన్నవాడికి దక్షిణపు వసారా, నూతిలో చెరిసగం, దొడ్డిగుమ్మం దాకా నడవ హక్కు, కొబ్బరిచెట్లు ఇన్ని. ఆ కింద నాలుగు హద్దులు. తూర్పు పుంత, దక్షిణం ఫలానా వారి ఇంటి గోడ, పడమర పంటబోదె, ఉత్తరం ఫలానా వారి దొడ్డి. నువ్వు పట్టుకోవాల్సింది ఆ "ఫలానా"లని. మీవాళ్లు ఊరు వదిలేసి ఉండొచ్చు, పక్కింటివాళ్లు కూడా వెళ్లిపోయి ఉండొచ్చు గానీ నాలుగు వైపులవాళ్లూ వెళ్లిపోవడం అరుదు. ఒక్క హద్దు దొరికితే మిగతా మూడూ నిలబడి చూస్తేనే తెలిసిపోతాయి. పుంత ఇప్పుడు సిమెంటు రోడ్డయినా వంపు మారదు.

కాగితం దొరికితే ముందు వెనక్కి తిప్పు. పిల్లలందరూ ముందువైపు ఫొటో తీసి పంపుతారు, అసలు సమాచారం వెనకుంటుంది. స్టాంపు వెండారు రాత చూడు: ఏ తేదీన, ఎవరికి, వారి తండ్రి ఎవరు, కాపురం ఏ ఊరు. దస్తావేజు సగం చెదలు తిన్నా ఆ రెండు వరసలు మిగిలితే ఊరు దొరికినట్టే. దాని పక్కనే రిజిస్ట్రారు రాసిన నెంబరు, సంవత్సరం, 1వ పుస్తకం (అంటే స్థిరాస్తులది), వాల్యూము, పేజీలు ఉంటాయి. అవి ఉంటే ఆఫీసులో నకలు తీయించుకోవడం తేలిక.

కాగితమే లేకపోతే ఇండెక్సు వెతికించాలి. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, ఆన్‌లైన్లో 1983 నుంచే వస్తుంది, అంతకుముందువి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో చేత్తో వెతకాలి. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం ప్రకారం పేర్లకొక ఇండెక్సు, ఆస్తులకొక ఇండెక్సు ఉంటాయి. స్థిరాస్తుల పుస్తకం రుసుము కట్టినవాళ్లెవరైనా చూడొచ్చు. వీలునామాల పుస్తకం అలా చూడనివ్వరు, దానికోసం గొడవపడకు. మంచిరోజుల్లో, మార్చి నెలాఖర్లో ఆ ఆఫీసుల వైపు వెళ్లకు. నీ పాత వాల్యూము తీసిచ్చే తీరిక ఎవరికీ ఉండదు.

ఏ ఆఫీసో ముందు తేల్చుకోవాలి. జిల్లాల పేర్లు చూసి కంగారుపడకు. 1925కి ముందు కాగితంలో గోదావరి జిల్లా, ఆ తర్వాత తూర్పు గోదావరి, 2022 నుంచి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా. ఊరు మటుకు ఉన్నచోటే ఉంది. మండలాలు 1985లో వచ్చాయి కాబట్టి అంతకుముందు ఉత్తరాల కవరు మీద తాలూకా పేరే ఉంటుంది. మీ నాన్నమ్మ ట్రంకు పెట్టెలో పాత శుభలేఖలు, కార్డులు ఉంటే ఒక్కటీ పారేయనివ్వకు. పోస్టాఫీసు ముద్ర భూతద్దంతో చూడు.

ఇంకో చిక్కుంది, దీని దగ్గరే చాలామంది ఆగిపోతారు. మీ ముత్తాత ఇల్లరికం వెళ్లాడేమో, దత్తు వెళ్లాడేమో ముందు అడుగు. ఇల్లరికమైతే ఆయన పెరిగిన ఇల్లు ఒకటి, కాపురమున్న ఇల్లు ఇంకొకటి. ఆ రెండోది మామగారి ఇంటిపేరు మీద ఉంటుంది. దత్తయితే ఇంటిపేరే మారిపోతుంది. ఈ సంగతులు మగవాళ్లకి గుర్తుండవు. మీ నాన్నని కాదు, మేనత్తల్ని అడుగు.

ఇక ఊళ్లోకి వెళ్లాక. లంక ఊరైతే ఇల్లే కాదు, ఇల్లున్న నేల కూడా గోదాట్లో కలిసిపోయి ఉండొచ్చు, దానికి సిద్ధపడి వెళ్లు. 1986 వరదలూ 1996 నవంబరు తుపానూ తట్టుకుని నిలబడ్డ మండువాలు కూడా తర్వాత విప్పేసి టేకు దూలాలు, ద్వారబంధాలు అమ్మేసినవి బోలెడు. ఇల్లు లేకపోయినా నుయ్యి కోసం చూడు, నుయ్యిని ఎవరూ విప్పి అమ్ముకోలేరు. పెరట్లో పెంకులు పేర్చి ఉంటే ఒకటి తిరగేసి చూడు, కొన్నింటికి కంపెనీ ముద్ర ఉంటుంది. మంగుళూరులో బాసెల్ మిషన్ వాళ్లు పెంకుల ఫ్యాక్టరీ పెట్టింది 1865లో. ద్వారబంధం మీద "ఆంగీరస" అని తెలుగు సంవత్సరం పేరు చెక్కి ఉంటే, అరవై ఏళ్లకోసారి అదే పేరు వస్తుంది కాబట్టి అది 1872 కావచ్చు, 1932 కావచ్చు. పెంకు మీద ఆ ఫ్యాక్టరీ ముద్ర కనిపించిందని 1872 కాదని కొట్టేయకు.

అక్కడున్నవాళ్లతో మాట్లాడే పద్ధతి అన్నింటికంటే ముఖ్యం. "ఇది మా ఇల్లు" అని నోరు జారావా, లోపలి నుంచి మంచినీళ్లు కూడా రావు. అమెరికా నుంచి వచ్చి పాత ఇల్లు చూస్తానంటే వాటా అడగడానికొచ్చారనే అనుకుంటారు, వాళ్ల తప్పేం లేదు. దస్తావేజు చేతిలో పట్టుకుని గడప దగ్గర నిలబడకు, బ్యాగులోనే ఉంచు. "మా ముత్తాతగారు ఈ వీధిలో ఉండేవారట, ఒకసారి చూసి దణ్ణం పెట్టుకుని వెళ్దామని" అను. పళ్లు తీసుకెళ్లు. పిలిస్తేనే గుమ్మం దాటు, అడిగి ఫొటో తీయి. ముందు గుళ్లో పూజారిగారినో, రచ్చబండ దగ్గర పెద్దాయననో పలకరించి, వాళ్లలో ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లు. ఊళ్లో ఇళ్లకి నెంబర్లకంటే మారుపేర్లు నిలుస్తాయి, అవి వాళ్లకే తెలుసు.

సంక్రాంతికి రావద్దు. అందరూ ఊళ్లోనే ఉంటారు గానీ ఒక్కరికీ తీరిక ఉండదు, ఆఫీసులూ మూసేసి ఉంటాయి. మాఘమాసంలో రా, కనీసం రెండు పనిరోజులు చేతిలో పెట్టుకుని.

ఈలోగా మేనత్తలకి ఫోను చెయ్యి, ట్రంకు పెట్టె తెరిపించు. దొరికిన కాగితాలు రెండువైపులా ఫొటో తీసి పంపు. అదంతా గొలుసుకట్టు రాత, నీకు అక్షరం కూడా అర్థం కాదు. నేను చదివి హద్దులు విడిగా రాసి పంపుతాను. ఫొటో పగటి వెలుతురులో తీయి, ఫ్లాష్ వేస్తే స్టాంపు ముద్ర కనపడదు.

ఇట్లు,
మీ తాతయ్య