సాఫ్ట్‌బాల్ పిచింగ్: పన్నెండేళ్ల పాపని మ్యాచ్‌లో దింపొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా పాపకి పన్నెండేళ్లు, జడ్పీ హైస్కూల్లో ఏడో తరగతి. వేసవి సెలవుల నుంచి సాఫ్ట్‌బాల్ ఆడుతోంది. బంతి మంచి వేగంగా వేస్తోందని పీఈటీ సార్ పిచర్‌గా, అంటే బ్యాటర్‌కి బంతి వేసే అమ్మాయిగా పెట్టారు, వచ్చే నెల పోటీలకి తీసుకెళ్తానంటున్నారు. జట్టులో పిచర్ తనొక్కతే. ఎక్కువసేపు ఆడిన రోజు రాత్రి భుజం ముందు వైపు నొప్పంటుంది, పొద్దున్నకి తగ్గిపోతుంది. "కింది నుంచి వేసే బంతే కదమ్మా, ఏం కాదు" అని సార్ అంటారు. "గూడ జారిపోతే ఎవరు చూస్తారు" అని మా అత్తగారు. పంపొచ్చా?

జవాబు: జట్టుతో పంపండమ్మా. పిచర్‌గా దింపడం మాత్రం ఆ నొప్పి సంగతి తేలాకే.

కింది నుంచి వేస్తే భుజానికి ఏమీ కాదన్న మాట నేనూ చాలామంది దగ్గర విన్నాను. అది నిజం కాదు. చెయ్యి ముందు నుంచి పైకి లేచి, వెనక నుంచి దిగి, తుంటి పక్కన బంతి వదిలే ఆ క్షణంలో చేతిని గూడలోంచి బయటికి లాగే బలం పడుతుంది. కొలిచి చూస్తే అది బేస్‌బాల్‌లో పై నుంచి విసిరేవాళ్ల భుజం మీద పడే బలానికి దగ్గరగానే ఉంది. ఆ లాగుడుని పట్టి ఆపే పని ఎక్కువగా ముందు వైపున్న బైసెప్స్ కండ మీద పడుతుంది. మీ పాప భుజం ముందు భాగాన్నే చూపిస్తోందంటే కారణం చాలావరకు ఇదే అయ్యుంటుంది. ఈ వయసులో భుజం ఎముక పైచివర ఇంకా పెరుగుతూ ఉంటుంది, ఆ పెరిగే చోటు గట్టి ఎముకంత బలంగా ఉండదు. గూడ జారడం అంత సులువుగా జరగదని అత్తగారికి చెప్పండి. నా బెంగ రోజూ కాస్త కాస్త పడే ఒత్తిడి గురించి.

కాబట్టి ముందు రెండు వారాలు పిచింగ్ మాన్పించండి. పరుగు, ఒంటికాలి మీద గుంజీళ్లు, రబ్బరు బ్యాండుతో భుజం రెక్కల వ్యాయామం చేయొచ్చు. తర్వాత ఇరవై అడుగుల దూరం నుంచి, సగం వేగంతో, రోజు విడిచి రోజు పాతిక బంతులతో మొదలుపెట్టాలి. నొప్పి లేకపోతేనే దూరం పెంచాలి. మ్యాచ్ ముందు నొప్పి మాత్ర వేసి పంపడం మాత్రం వద్దే వద్దు. నొప్పి తెలియకపోతే పిల్ల ఎక్కడ ఆపాలో తెలియక ఇంకా వేస్తుంది.

ఇక సిద్ధంగా ఉందో లేదో చూడటం. సార్ వేగం చూస్తున్నారు, నేనైతే అలిసిపోయాక ఏమవుతుందో చూస్తాను. పన్నెండేళ్లవాళ్లకి మామూలుగా పిచింగ్ దూరం 40 అడుగులు, ఆ పై వయసుకి 43. మీ పోటీలో ఏది గీస్తారో సార్ని అడిగి, పెరట్లో అంతే కొలవండి. రెండు కొబ్బరిచెట్ల మధ్య గోనెసంచి కట్టండి, కింది అంచు పాప మోకాలి దగ్గర, పై అంచు చంక కింద వచ్చేలా. అరవై చింతపిక్కలు ఒక గిన్నెలో పోసుకుని, బంతికి ఒకటి చొప్పున పక్కన పెడుతూ కూర్చోండి. మొదటి ఇరవైలో పన్నెండు సంచికి తగిలితే బాగానే ఉన్నట్టు. అసలు చూడాల్సింది చివరి ఇరవై. అప్పుడు కూడా పది దాకా తగులుతున్నాయా? ముందుకి వేసిన కాలి మోకాలు లోపలికి వంగిపోతోందా? ఒళ్లు పక్కకి వాలుతోందా? కాళ్లు, నడుము అలిసిపోతే ఆ పని కూడా భుజమే చేయాల్సి వస్తుంది. తేడా పదిహేనో బంతికే కనిపిస్తే ఈ ఏడాది ప్రాక్టీసుతో సరిపెట్టండి, తొందరేం లేదు. ఈ లెక్క పుస్తకంలోది కాదు, నా అనుభవంతో చెబుతున్నది.

ఇంకోటి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. బంతి వేసేసరికి పిచర్ బ్యాటర్‌కి ఇంకా దగ్గరవుతుంది. గట్టిగా కొట్టిన బంతి అర సెకనులో మొహం మీదికి వచ్చేస్తుంది. పాప బంతి వదలగానే మీరో, వాళ్ల నాన్నగారో ఒక మెత్తటి రబ్బరు బంతిని తన వైపు విసరండి. గ్లవ్ పైకి వస్తోందా, లేక వేసిన బంతినే చూస్తూ నిలబడిపోతోందా? నిలబడిపోతుంటే మ్యాచ్‌కి ఇంకా తయారు కానట్టే. అలవాటయ్యాక కూడా మొహానికి మాస్క్ లేకుండా పిచింగ్ చేయనివ్వొద్దు.

అన్నిటికంటే నాకు నచ్చనిది ఆ "తనొక్కతే" అన్న మాట. బడి పోటీల్లో ఒకే రోజు రెండేసి మ్యాచ్‌లు పెడతారు, గెలిచే కొద్దీ అదే పిల్ల వేస్తూనే ఉంటుంది. అమెరికాలో క్రీడా వైద్యులు చెప్పే హద్దు ప్రకారం 10–12 ఏళ్ల పిచర్ మ్యాచ్‌కి 65, రోజుకి 95 బంతులు దాటకూడదు. వరసగా రెండు రోజులు వేస్తే మూడో రోజు పిచింగే ఉండకూడదు. ప్రాక్టీసు బంతుల్నీ లెక్కలో వేసుకోండి, చేతికి ఆ తేడా తెలియదు. సార్‌తో గొడవ పడకండి. "ఇంకో అమ్మాయికి కూడా నేర్పించండి సార్, ఇద్దరూ పంచుకుంటారు" అనండి. ఆయనకీ అదే మేలు, ఉన్న ఒక్క పిచర్‌కి జ్వరమొస్తే జట్టు సంగతేంటి?

మన డెల్టాలో ఉక్క ఎక్కువ, చెమట ఆరదు. ప్రాక్టీసు పొద్దున్నే గానీ, సాయంత్రం నాలుగున్నర దాటాక గానీ పెట్టుకోండి. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ సీసా దగ్గరుంచండి. వాన పడిన మర్నాడు బంకమట్టి గ్రౌండులో పిచింగ్ వద్దు, ముందు కాలు జారితే మోకాలికీ గజ్జకీ దెబ్బ. పాప తొందరగా అలిసిపోతుంటే ఒకసారి హిమోగ్లోబిన్ చూపించండి. ఈ వయసులో 12 కంటే తక్కువుంటే రక్తహీనత కిందే లెక్క. బళ్లో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్ర పారేయకుండా మింగుతోందో లేదో అడగండి, చాలామంది పిల్లలు పారేస్తారు.

రెండు వారాలు ఆపినా నొప్పి తగ్గకపోయినా, నొప్పితో రాత్రి నిద్ర లేచినా, భుజం కింద ఎముక మీద నొక్కితే గట్టిగా నొప్పన్నా, వేళ్లు తిమ్మిరెక్కినా, వెనక్కి వంగితే నడుము పట్టేస్తోందన్నా ఎముకల డాక్టర్‌కి చూపించండి. ఎక్స్‌రే తీస్తే రెండు భుజాలూ తీయమని అడగండి, పెరిగే పిల్లల్లో పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది.