ధర కంటే ముందు అద్దె అడుగు

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో అడిగినదానికి వెంటనే జవాబు చెప్పలేదని అలిగావట, మీ అమ్మ చెప్పింది. బెజవాడలో ఫ్లాటు ఇప్పుడే కొనాలా, ఇంకొన్నాళ్లు ఆగాలా అన్నావు. ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో ఇళ్లూ స్థలాలూ చూపించి కమీషన్ మీద బతుకుతున్నవాడిని. ఆ ప్రశ్నకు మావాళ్ల జవాబు ఎప్పుడూ ఒక్కటే: ఇదే మంచి సమయం. 2015లోనూ అదే చెప్పాం, 2020లోనూ అదే చెప్పాం. బేరం కుదిరితేనే కదమ్మా మాకు డబ్బు!

2015 అక్టోబర్‌లో అమరావతికి శంకుస్థాపన జరిగినప్పుడు మా ఆఫీసులో కుర్చీలు చాలక జనం మెట్ల మీద కూర్చునేవారు. అప్పుడు ఒక మాస్టారుకు మంగళగిరి వైపు స్థలం ఇప్పించాను. ఐదేళ్లలో రెట్టింపు అవుతుందన్నది నేనే. 2019 డిసెంబర్‌లో మూడు రాజధానుల మాట వచ్చింది. ఆ తర్వాత కూతురి పెళ్లికని ఆయన స్థలం అమ్మకానికి పెడితే కొన్న ధర కూడా పలకలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. శుభలేఖ మాత్రం స్వయంగా తెచ్చి ఇచ్చారు. ఆ పెళ్లికి వెళ్లడానికి నాకు ముఖం చెల్లలేదు. 2024లో ప్రభుత్వం మారాక ధరలు మళ్లీ లేచాయి, నిజమే. ఆ అమ్మాయి పెళ్లి అప్పటిదాకా ఆగుతుందా?

అందుకే ఇప్పుడు ఎవరు వచ్చినా, ధర కంటే ముందు ఆ వీధిలో అద్దె ఎంతో కనుక్కోమంటున్నాను. ధర పుకారుకు కూడా లేస్తుంది. అద్దె పెరగాలంటే మనుషులు సామాన్లతో దిగాలి. 2016లో సచివాలయం ఉద్యోగులు హైదరాబాద్ నుంచి తరలివచ్చినప్పుడు అద్దెలు నిజంగానే పెరిగాయి. నువ్వు చెప్పిన ఫ్లాటునే లెక్క వేద్దాం. 70 లక్షలు పెడితే నెలకు 18 వేలు అద్దె వస్తుందన్నావు. ఏడాదికి రెండు లక్షల పదహారు వేలు, అంటే నూటికి మూడు రూపాయలు. అందులో 50 లక్షలు ఇరవై ఏళ్లకు ఎనిమిదిన్నర వడ్డీ మీద అప్పు తెస్తే నెల వాయిదా 43 వేలు దాటుతుంది. మీరిద్దరూ వచ్చి ఉండేటట్లయితే కొను, ఈ లెక్క పక్కన పెట్టు. బెంగళూరులో ఉంటూ ఇక్కడ తాళం వేసి ధర పెరుగుతుందని చూసేటట్లయితే మాత్రం వద్దనే అంటాను.

ఇక నీళ్ల సంగతి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగుకు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లు రోజుల తరబడి మునిగి ఉన్నాయి. ఇప్పుడు ఆ గోడలన్నిటికీ కొత్త రంగులు వేశారు. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు హాల్లో టైల్స్ తర్వాత చూడవచ్చు, ముందు సెల్లార్‌లోకి దిగు. కరెంటు మీటర్ల బోర్డు ఉండాల్సిన ఎత్తు కంటే పైకి జరిపి, కింద పాత మేకుల రంధ్రాలకు సిమెంటు పూసి ఉందా? గేటు కింది బందు ఒక్కటే తుప్పు పట్టి, పైది బాగుందా? ఆ రెండూ కనబడితే ఓనరు ఏం చెప్పినా వినకు. వీధి చివర ఇస్త్రీ బండి దగ్గరకు వెళ్లి నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో అడుగు. అతను నడుము దగ్గరో ఛాతీ దగ్గరో చెయ్యి పెట్టి చూపిస్తాడు. అతనికి మా కమీషన్‌తో పని లేదు.

బ్రోచర్‌లో 1,300 అడుగులని ఉంటే లోపల నువ్వు కాలు పెట్టే చోటు అంత ఉండదు. మెట్లు, లిఫ్టు, వరండా అన్నీ అందులో కలిపేస్తారు. బిల్డర్లను అదుపులో పెట్టే రెరా చట్టం వచ్చాక కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల నికరంగా వాడుకునే చోటు ఎంతో చెప్పి తీరాలి. ఆ అంకె కాగితం మీద అడిగి పుచ్చుకో. అగ్రిమెంటు రిజిస్టర్ కాకుండా పదో వంతుకు మించి బయానా తీసుకోకూడదని కూడా ఆ చట్టంలోనే ఉంది. అయితే 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు దాటని స్థలంలో కట్టినవీ, ఎనిమిది ఫ్లాట్లు దాటనివీ రెరా కిందికి రావు. మన ఊళ్లో గ్రూప్ హౌస్‌లు చాలావరకు అలాంటివే. అక్కడ నిన్ను కాపాడేది లింకు డాక్యుమెంట్లు (స్థలం ఇంతకుముందు చేతులు మారిన దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలూ తాకట్లూ చూపే కాగితం), ప్లాన్ అప్రూవల్. వాటిని బిల్డరు చెప్పిన వకీలుకు చూపించకు, మనకు తెలిసిన వకీలుకు చూపిద్దాం. స్థలంలో నీ అవిభక్త వాటా ఎన్ని గజాలో దస్తావేజులో అంకెతో రాయించు. రేపు భవనం పాతబడితే మిగిలేది ఆ గజాలే.

కొంత వైట్, కొంత బ్లాక్ అంటారు. ఒప్పుకోకు. స్థిరాస్తి బేరంలో 20 వేలు, ఆపైన నగదు పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం తప్పు. పైగా బ్యాంకు అప్పు ఇచ్చేది కాగితం మీద ఉన్న ధరకే. రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం ఎలాగూ ఉంటుంది, దాన్ని ముందే లెక్కలో వేసుకో. కట్టడం పూర్తి కాని ఫ్లాటైతే జీఎస్టీ అదనం.

తూర్పు ముఖమే కావాలని మీ అత్తగారు అన్నారట. దక్షిణం ఫ్లాటు బేరమాడితే తగ్గించి ఇస్తారు, నాకైతే అందులో తప్పేమీ కనబడదు. కానీ రేపు నువ్వు అమ్మేటప్పుడు కొనేవాళ్ల అత్తగారు కూడా ఆ మాటే అంటారు.

సంక్రాంతికి వచ్చి చూస్తానన్నావు. జనవరిలో ఈ ఊళ్లో ఏ వీధి చూసినా ముచ్చటగానే ఉంటుంది. ఆగస్టులో రా. గట్టి వాన కురిసిన మర్నాడు పొద్దున్నే వెళ్దాం. కొలిచే టేపు నేను తెస్తాను. నా కమీషన్ సంగతి మీ అమ్మతో తేల్చుకుంటాను.

మీ మామయ్య