టెక్ సందేహాలు: అరచేతి కంప్యూటర్‌కు పెద్ద తెర

ఒడిశాలోని రాయగడ, గజపతి, గంజాం, కొరాపుట్ జిల్లాల తెలుగు పాఠకుల నుంచి ఈ మధ్య వస్తున్న ఉత్తరాల్లో ఒకే కోరిక మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. చేతిలో ఇమిడే పరికరంలోని బొమ్మను పెద్ద మానిటర్ మీదో, టీవీ మీదో చూడాలని. చాలామంది ముందు అడాప్టర్ కొనేసి, బొమ్మ రాకపోతే అప్పుడు ఉత్తరం రాస్తున్నారు. డబ్బు పెట్టకముందే తేల్చుకోవలసినది ఒకటుంది. పరికరం లోపలి చిప్ నుంచి బొమ్మ సంకేతం ఆ సాకెట్ దాకా వస్తోందా, వస్తే ఏ కొలతలో వస్తోంది? సాకెట్ ఆకారం ఈ సంగతి చెప్పదు. ఈ వారం మూడు ఉత్తరాలు తీసుకున్నాను.

"రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ అనే చిన్న కంప్యూటర్ బోర్డు, దాని పిన్నులకే తగిలించే 3.5 అంగుళాల ఎస్‌పీఐ తెర, చిన్న కీబోర్డు, లిథియం బ్యాటరీ కలిపి చేతి కంప్యూటర్ ఒకటి తయారు చేసుకున్నాను. ఇంట్లో 17 అంగుళాల పాత ఎల్‌సీడీ మానిటర్ ఉంది. దానికి నీలం రంగు వీజీఏ సాకెట్ ఒక్కటే ఉంది. స్నేహితుడి దగ్గర హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే కన్వర్టర్ తెచ్చి కలిపితే, మానిటర్ ఒక్క క్షణం వెలిగి, పరిధి దాటిందన్న సందేశం చూపించి ఆగిపోతోంది. బోర్డు అంచున ఉండే జీపీఐఓ పిన్నులకు రెసిస్టర్లు అతికించి నేరుగా వీజీఏ తీయవచ్చని చదివాను. ఏది మంచిది?" – గుణుపురం నుంచి ఒక డిప్లొమా విద్యార్థి

మీ కన్వర్టర్ బాగానే ఉంది, మానిటర్ కూడా బాగానే ఉంది. సందేశం కనిపించిందంటేనే సంకేతం మానిటర్ దాకా చేరిందన్నమాట. చేరినది దానికి పట్టని కొలతలో ఉంది, అంతే.

కారణం ఎక్కువగా ఆ చిన్న తెర దగ్గరే దొరుకుతుంది. 3.5 అంగుళాల ఎస్‌పీఐ తెరలతో పాటు అమ్మకందారులు ఒక ఇన్‌స్టాల్ స్క్రిప్టు ఇస్తారు. బోర్డు మొదలయ్యేటప్పుడు చదువుకునే కాన్ఫిగ్ డాట్ టెక్స్ట్ ఫైలులో అది కొన్ని వరుసలు చేరుస్తుంది. అవతల ఏ మానిటర్ ఉన్నా లెక్కచేయకుండా హెచ్‌డీఎంఐ బొమ్మను 480×320 కొలతలోనే తయారు చేయమని ఆ వరుసలు బోర్డుకు ఆజ్ఞ ఇస్తాయి. దీనికి కారణం ఉంది. ఎఫ్‌బీసీపీ అనే చిన్న ప్రోగ్రామ్ హెచ్‌డీఎంఐ కోసం తయారైన బొమ్మను ఎప్పటికప్పుడు నకలు తీసి ఎస్‌పీఐ తెర మీదికి పంపుతుంది. రెండు కొలతలూ ఒకటే అయితే చిన్న తెర మీద అక్షరాలు చెదరవు. ఆ ఏర్పాటు మీ జేబులోని తెరకు మేలు చేసింది గాని, 1280×1024 కొలతలో తయారైన 17 అంగుళాల మానిటర్‌కు మాత్రం మింగుడుపడలేదు.

మెమొరీ కార్డు తీసి మరో కంప్యూటర్‌లో పెట్టండి. కాన్ఫిగ్ ఫైలుకు ముందుగా ఒక నకలు తీసి దాచుకోండి. తరువాత హెచ్‌డీఎంఐ సీవీటీ అని మొదలయ్యే వరుస ముందు హ్యాష్ గుర్తు (#) పెట్టండి, బోర్డు ఇక దాన్ని పట్టించుకోదు. హెచ్‌డీఎంఐ గ్రూప్‌ను 2 గానే ఉంచి, హెచ్‌డీఎంఐ మోడ్ దగ్గర ఉన్న 87ను 35గా మార్చండి. ఆ 35 అంటే సెకనుకు 60 సార్లు తాజా అయ్యే 1280×1024 బొమ్మ. మీ మానిటర్ 15 అంగుళాలదైతే 16 వేయాలి, అది 1024×768. ఫోర్స్ హాట్‌ప్లగ్ వరుస 1 అనే ఉండనివ్వండి. మానిటర్ ఉనికి తెలియకపోయినా బొమ్మ పంపుతూ ఉండమని చెప్పేది అదే.

ఇదంతా పాత డ్రైవర్, అంటే బొమ్మను నడిపే పాత ప్రోగ్రామ్, వాడే ఆపరేటింగ్ సిస్టమ్‌కు సంబంధించినది. మీ చిన్న తెర ఎఫ్‌బీసీపీతో నడుస్తోందంటే మీది అదే అయి ఉంటుంది. 2023లో ఈ బోర్డులకు వచ్చిన బుక్‌వర్మ్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త కేఎంఎస్ డ్రైవర్‌తో నడుస్తుంది. అది పైన చెప్పిన మోడ్ అంకెలను పట్టించుకోదు, ఎఫ్‌బీసీపీ కూడా దాని మీద నడవదు. అందులో కొలతను సీఎండీలైన్ డాట్ టెక్స్ట్ ఫైలులో, వీడియో అన్న మాటతో మొదలుపెట్టి చెప్పాలి. ఆ ఫైలులో ఉన్నదంతా ఒకే వరుసగా ఉండాలి. మధ్యలో ఎంటర్ నొక్కి రెండు వరుసలు చేశారంటే బోర్డు సరిగ్గా మొదలు కాదు.

కొలత మార్చాక ఒక ఇబ్బంది ఎదురవుతుంది. 1280×1024 బొమ్మను 480×320కి కుదించినప్పుడు చిన్న తెర మీద అక్షరాలు చదవలేరు. ఇంగ్లిష్ అక్షరాలైనా కొంత పోల్చుకోవచ్చు. తెలుగు వత్తులు, ఒడియా అక్షరాల కింది చిన్న గుర్తులు మొత్తం కలిసిపోయి మచ్చల్లా కనిపిస్తాయి. అందుకే కాన్ఫిగ్ ఫైలును రెండు పేర్లతో ఉంచుకోండి, బయట తిరిగేటప్పటికి ఒకటి, ఇంట్లో బల్ల దగ్గరికి ఒకటి. కావలసినదాన్ని అసలు పేరుతో నకలు చేసి బోర్డును తిరిగి ప్రారంభించే చిన్న స్క్రిప్టు రాసి, కీబోర్డులో ఒక మీటకు కట్టేస్తే ప్రతిసారీ కార్డు తీసే పని ఉండదు. డిప్లొమా చదువుతున్న మీకు ఇది ఒక సాయంత్రం పని.

ఇక కన్వర్టర్. హెచ్‌డీఎంఐలో వెళ్లేది డిజిటల్ సంకేతం, 1987లో ఐబీఎం తెచ్చిన వీజీఏలో వెళ్లేది అనలాగ్ సంకేతం. ఒకదాన్ని మరొకదానిగా మార్చడానికి మధ్యలో చిప్ తప్పనిసరి. కన్వర్టర్ చేతిలోకి తీసుకొని చూడండి. ఒక చివర ఉబ్బుగా ఉంటుంది, పది నిమిషాలు నడిచాక అక్కడ తాకితే వెచ్చగా తగులుతుంది. చిప్ ఉన్నది అక్కడే. చిప్ ఏమీ లేకుండా రెండు చివర్లలో సాకెట్లు మాత్రమే బిగించిన సన్నటి తీగలు కూడా చవకగా అమ్ముతున్నారు. వాటితో మీ బోర్డు నుంచి బొమ్మ రాదు, కొనవద్దు.

ఆ చిప్‌కు కావలసిన కరెంటు హెచ్‌డీఎంఐ సాకెట్‌లోని 5 వోల్టుల పిన్ను నుంచే రావాలి. ప్రమాణం ప్రకారం ఆ పిన్ను కనీసం 55 మిల్లీ ఆంపియర్లు ఇస్తే చాలు. కన్వర్టర్లు అంతకంటే ఎక్కువ లాగుతాయి. గోడ ఛార్జర్ మీద నడిచే బోర్డుకు అది బరువు కాదు. మీది 3.7 వోల్టుల బ్యాటరీ, దాన్ని 5 వోల్టులకు పెంచే చిన్న బూస్ట్ బోర్డు మీద ఆధారపడినది. బ్యాటరీ సగానికి దిగాక వైఫై ఒక్కసారిగా పనిలో పడితే వోల్టేజీ కుంగుతుంది, మానిటర్ మీద బొమ్మ ఆరి వెలుగుతుంది, ఒక్కోసారి బోర్డే మళ్లీ మొదటి నుంచి లేస్తుంది. పక్కన మైక్రో యూఎస్‌బీ సాకెట్ ఉండి, విడిగా కరెంటు ఇవ్వగలిగే కన్వర్టర్లు దొరుకుతాయి. అటువంటిదే తీసుకోండి. జీరో బోర్డు మీద ఉన్నది మినీ హెచ్‌డీఎంఐ సాకెట్, వెడల్పు సుమారు 10 మిల్లీమీటర్లు. పై 4, పై 5 బోర్డుల మీద ఉండే మైక్రో హెచ్‌డీఎంఐ దాదాపు 6 మిల్లీమీటర్లే. కొనేటప్పుడు ఈ రెండింటినీ కలగాపులగం చేయవద్దు.

మానిటర్‌తో వచ్చిన పాత వీజీఏ తీగను కూడా ఒకసారి వెలుతురులో పరీక్షించండి. మూడు వరుసల్లో, వరుసకు అయిదేసి చొప్పున 15 పిన్నుల స్థానాలు కనిపిస్తాయి. మధ్య వరుసలో ఒకటి లేకపోతే కంగారు పడనక్కరలేదు, 9వ పిన్ను చాలా తీగల్లో ఉండదు. మూడో వరుసలో 12, 15 పిన్నులు ఉన్నాయా అన్నది ముఖ్యం. మానిటర్ తన కొలతలన్నీ రాసి ఉంచుకున్న 128 బైట్ల చీటీ, అంటే ఈడీఐడీ, ఆ రెండు పిన్నుల మీదుగానే కంప్యూటర్‌కు చేరుతుంది. అవి విరిగినా, వంగిపోయినా బోర్డుకు మానిటర్ వివరాలు తెలియవు, ఏదో ఒక ఊహతో బొమ్మ పంపుతుంది. ముందు చెప్పినట్టు కొలతను మీరే నిర్ణయించి రాసేస్తే ఆ తీగతో కూడా పని జరుగుతుంది.

రెసిస్టర్ల దారి మీకు నచ్చడం చూసి చాలా సంతోషించాను, ఎందుకంటే వీజీఏ ఎలా పనిచేస్తుందో అంత స్పష్టంగా నేర్పే ప్రయోగం మరొకటి లేదు. రాస్ప్‌బెర్రీ పై తొలి రూపకల్పనలో పాలుపంచుకున్న గెర్ట్ వాన్ లూ తయారు చేసిన వీజీఏ 666 అడాప్టర్ చేసేది సరిగ్గా ఇదే. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు ఆరేసి పిన్నులు, వాటికి నిచ్చెనలా పేర్చిన రెసిస్టర్లు. ఆరు పిన్నుల ఆన్, ఆఫ్ కలయికలతో ఒక్కో రంగులో 64 స్థాయిలు, మూడూ కలిస్తే 2,62,144 రంగులు. సున్నా నుంచి 0.7 వోల్టుల మధ్య ఊగే ఈ వోల్టేజీనే మానిటర్ వెలుగుగా చదువుతుంది. అయితే రంగులకు 18, కొత్త వరుస, కొత్త తెర ఎక్కడ మొదలవుతాయో చెప్పే గుర్తులకు మరో 2 కలిపి 20 జీపీఐఓ పిన్నులు పోతాయి. మీ ఎస్‌పీఐ తెర వాడుకునే పిన్నులు కూడా వాటిలోనే ఉన్నాయి. చిన్న తెర, వీజీఏ రెండూ ఒకే పరికరంలో కావాలంటే ఈ దారి కుదరదు. రోజువారీ వాడకానికి హెచ్‌డీఎంఐ దారే ఎంచుకోండి. రెసిస్టర్ల ప్రయోగాన్ని ఇంకో బోర్డు మీద తప్పకుండా చేయండి.

బొమ్మ బయటికి వచ్చే సాకెట్టే లేని పరికరం నుంచి కూడా బొమ్మ రాబట్టినవారున్నారు. బెన్ నానోనోట్ అనే అరచేతి కంప్యూటర్‌కు 3 అంగుళాల తెర, 32 ఎంబీ ర్యామ్, ఒక మైక్రో ఎస్‌డీ కార్డు పెట్టే సందు ఉండేవి. 2011 ప్రాంతంలో వెర్నర్ ఆల్మ్స్‌బర్గర్ ఆ కార్డు సందులోని కొద్దిపాటి తీగలతోనే వీజీఏ మానిటర్ మీద బొమ్మ చూపించారు. ఆ పరికరం సర్క్యూట్ పటాలు అందరికీ తెరిచి ఉంచడం వల్ల సాధ్యమైన పని అది. మీ పరికరం పటాన్ని కూడా మీరు కాగితం మీద గీసి పెట్టుకోండి, రేపు మరో విద్యార్థికి అక్కరకు వస్తుంది.

"చేతిలో పట్టుకొని ఆడే విండోస్ గేమింగ్ పరికరం ఉంది. విజయనగరం నుంచి టైప్–సి హబ్ తెచ్చుకొని 4కే టీవీకి కలిపాను. బొమ్మ వస్తోంది కాని మౌస్ గుర్తు ఈడ్చుకుంటూ కదులుతోంది. ఆట మధ్యలో రెండు సెకన్లు తెర నల్లబడి మళ్లీ వస్తోంది. హబ్‌కు ఫోన్ ఛార్జర్ పెట్టాను." – రాయగడ

మౌస్ ఈడ్చుకోవడానికి కారణం హబ్. టైప్–సి సాకెట్‌లోని 24 పిన్నుల్లో వేగంగా సమాచారం మోసే దారులు నాలుగు. చాలా హబ్‌లు వాటిలో రెండింటిని యూఎస్‌బీ 3 కోసం తీసుకొని, మిగిలిన రెండింటి మీదుగా బొమ్మ పంపుతాయి. చవక హబ్‌ల పెట్టె మీద 4కే అని పెద్దగా, పక్కన 30 హెర్ట్జ్ అని చిన్నగా రాసి ఉండేది ఇందుకే. సెకనుకు 30 సార్లే మారే బొమ్మలో మౌస్ అలాగే కనిపిస్తుంది. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో టీవీ కొలతను 1920×1080కి తగ్గించి, రిఫ్రెష్ రేటు 60 ఎంచుకోండి. ఈడ్చుకోవడం పోతుంది. పైగా అంత చిన్న చిప్‌కు 4కేలో ఆట నడపడం భారం, 1080లో ఆట కూడా సాఫీగా సాగుతుంది. టీవీలో గేమ్ మోడ్ ఉంటే అదీ పెట్టండి.

తెర నల్లబడటం ఛార్జర్ పని. ఇటువంటి పరికరాలు ఆట నడిచేటప్పుడు 30 వాట్లు సులువుగా తాగేస్తాయి, హబ్ తన వాటా తాను ముందే తీసుకుంటుంది. ఫోన్ ఛార్జర్ చాలక, ఎంత కరెంటు ఇవ్వాలని ఛార్జర్‌తో కుదిరిన ఒప్పందం తెగిపోయి, హబ్ మళ్లీ మొదటి నుంచి బేరం మొదలుపెడుతుంది. ఆ రెండు సెకన్లూ బొమ్మ ఉండదు. పరికరంతో వచ్చిన ఛార్జర్‌నే హబ్‌లో పీడీ అని రాసి ఉన్న సాకెట్‌కు పెట్టండి.

"పిల్లలకు ట్యూషన్ చెబుతాను. ఫోన్‌లోని లెక్కల పాఠాలు టీవీలో చూపిద్దామని బరంపురంలో టైప్–సి, హెచ్‌డీఎంఐ అడాప్టర్ కొన్నాను. బొమ్మ రాలేదు. మార్చి మరొకటి తెచ్చాను, అదీ అంతే." – పర్లాకిమిడి నుంచి ఒక ఉపాధ్యాయిని

అమ్మా, మూడోది కొనకండి. మీ ఫోన్‌లోని టైప్–సి సాకెట్‌కు యూఎస్‌బీ 2.0 తీగలు మాత్రమే కలిపి ఉండే అవకాశం ఎక్కువ. మధ్యతరగతి ధరల్లో వచ్చే ఫోన్లలో చాలావాటి పరిస్థితి ఇదే. ఛార్జింగ్, ఫైళ్ల బదిలీ జరుగుతాయి గాని, బొమ్మ ఆ సాకెట్ దాకా రానే రాదు. ఫోన్ వివరాల పట్టికలో డిస్‌ప్లేపోర్ట్ (టైప్–సి మీదుగా బొమ్మ పంపే పద్ధతి) అన్న మాట ఉందేమో చూడండి. లేకపోతే ఆ అడాప్టర్లను దుకాణంలో తిరిగి ఇచ్చేయండి. పాత ఫోన్ల ఛార్జింగ్ సాకెట్ నుంచి బొమ్మ తీయడానికి 2010లో వచ్చిన ఎంహెచ్‌ఎల్ పద్ధతి అడాప్టర్ అంటగట్టబోతే అదీ వద్దనండి, ఇప్పటి ఫోన్లకు దానితో సంబంధం లేదు.

మీ ఫోన్‌లోను, టీవీలోను మిరాకాస్ట్ గాని, స్క్రీన్ మిరరింగ్ గాని ఉంటే ఖర్చు లేకుండా పని అవుతుంది. మిరాకాస్ట్ ఫోన్‌కు, టీవీకి మధ్య నేరుగా వైఫై కలుపుతుంది, ఇంటర్నెట్ అక్కరలేదు. సిగ్నల్ వచ్చి పోయే ఊళ్లో ఇది పెద్ద సౌకర్యం. పాఠాలను ముందే ఫోన్‌లోకి దించుకొని ఉంచుకోండి. డబ్బు కట్టి చూసే సినిమా యాప్‌లు ఇలా చూపించినప్పుడు నల్లగా వస్తే అది నకలు రక్షణ వల్ల, మీ సొంత పాఠాలకు ఆ అడ్డు లేదు.

టీవీలో ఆ సౌకర్యం లేకపోయినా ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంటే, ఎస్‌సీఆర్‌సీపీవై (scrcpy) అనే ఉచిత ప్రోగ్రామ్ అందులో పెట్టుకోండి. ఫైళ్లు కూడా బదిలీ చేయగల ఛార్జింగ్ తీగతో ఫోన్ కలిపితే ఫోన్ తెర ల్యాప్‌టాప్‌లో కనిపిస్తుంది, అక్కడి నుంచి హెచ్‌డీఎంఐ తీగతో టీవీకి పంపవచ్చు. దీనికి ఫోన్‌లో డెవలపర్ ఆప్షన్స్ తెరిచి యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయాలి. తీగ కలిపినప్పుడు ఈ కంప్యూటర్‌ను అనుమతించాలా అని ఫోన్ అడుగుతుంది, సరే అనండి. పాఠం ముగియగానే ఆ డీబగ్గింగ్‌ను ఆఫ్ చేయండి. అది ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు.