టెక్ సందేహాలు: కేవైసీ మీది, ఖాతా ఎవరిది?

ఈ దఫా వచ్చిన మెయిళ్లలో సగానికి పైగా ఒకటే గోల. క్రిప్టో (బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ కరెన్సీ) కొని అమ్మే ఎక్స్ఛేంజ్‌లో కేవైసీ, అంటే గుర్తింపు తనిఖీ, ముందుకు సాగడం లేదట. అసలు క్రిప్టో కొనొచ్చా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. అడగనిదానికి సలహా ఇచ్చే అలవాటు నాకు లేదు కాబట్టి అడిగినవాటికే వస్తాను.

కావలి నుంచి ఒక పాఠకుడు: "పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది. ఆధార్‌లో ఒక్క అక్షరమే. బ్యాంకు వాళ్లేమో ఇంటిపేరును చివర పెట్టారు. ఎక్స్ఛేంజ్ మూడుసార్లు 'పేరు సరిపోలలేదు' అని తిప్పికొట్టింది. నాలుగోసారి పంపమంటారా?"

ఇప్పుడే వద్దు. అదే కాగితాన్ని ఎన్నిసార్లు ఎక్కించినా అదే జవాబు వస్తుంది. అవతల మొదట చూసేది మనిషి కాదు, ప్రోగ్రాం. అది పాన్‌లోని పేరును, డిజిలాకర్ నుంచి వచ్చిన ఆధార్ పేరును పక్కపక్కన పెట్టి చూస్తుంది. తర్వాత మీ బ్యాంకు ఖాతాలో ఒక్క రూపాయి వేసి, బ్యాంకు చెప్పిన పేరును కూడా వాటితో పోలుస్తుంది. ఎక్కడ తేడా వచ్చినా ఎర్ర అక్షరాలే.

పాన్‌ను గీటురాయిగా పెట్టుకోండి. పన్ను లెక్కంతా దాని మీదే నడుస్తుంది. బ్యాంకులో పేరు సరిచేయించుకోవడం తేలిక, పాన్ జిరాక్స్ పట్టుకుని బ్రాంచికి వెళ్లి ఒక ఫారం రాసిస్తే సరిపోతుంది. ఆధార్ విషయంలో మాత్రం తొందరపడొద్దు. అందులో పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండుసార్లే. పాన్‌లో ప్రతి అక్షరం సరిగ్గా ఉందని తేల్చుకున్నాకే ఒక అవకాశాన్ని ఖర్చు పెట్టండి. పాన్‌లోనే తప్పుంటే ఆధార్‌ను ఆ తప్పుకి తగ్గట్టు మార్చుకున్నవాళ్లను చూశాను, మళ్లీ రెండో అవకాశం వాడి వెనక్కి మార్చుకున్నారు. వాళ్లకిక మిగిలింది సున్నా.

నిజానికి తప్పు ఈయనది కాదు. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అంటూ రెండు గళ్లు గీసినవాళ్లు ఎప్పుడూ పెన్న దాటి ఇటు వచ్చినట్టు లేరు. మనకి ఇంటిపేరు ముందుంటుంది. దాన్ని ఒక్క అక్షరానికి కుదించడం బళ్లో హాజరు పట్టీ నాటి నుంచీ ఉన్న అలవాటు. పాన్ దరఖాస్తులో ఇంటిపేరుకి ఇనిషియల్ ఒప్పుకోరు, విప్పి రాయాల్సిందే. ఆధార్‌లో పేరంతా ఒకటే వరస, ఇనిషియల్ పెట్టినా నడిచిపోయింది. అంటే ఆ రెండు కార్డులకీ పుట్టినప్పటి నుంచే పడదు. ఇక పెంచలయ్యలూ మాలకొండయ్యలూ లేని వీధి మన రెండు జిల్లాల్లో ఉంటుందా? పెంచలయ్యని ఇంగ్లిషులో రాసేటప్పుడు చివర రెండు 'వై'లు పెట్టే గుమాస్తా ఒకడు, 'ఐఏహెచ్' పెట్టే గుమాస్తా ఇంకొకడు. వెంకట రమణయ్య అనే పెద్దాయన ఫారంలో వెంకటని పేరుగా, రమణయ్యని ఇంటిపేరుగా వేసి, అసలు ఇంటిపేరును గాలికొదిలేయడం నేను కళ్లారా చూశాను.

జిల్లా సంగతి ఇంకా అందం. నెల్లూరు జిల్లాకి 2008లో పొట్టి శ్రీరాములు గారి పేరు పెట్టారు. ఒక కార్డులో పూర్తి పేరు ఉంటుంది, యాప్ జాబితాలో ఒట్టి నెల్లూరు ఉంటుంది. కందుకూరు వాళ్లకి 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఒకసారి జిల్లా మారింది. ఆ జిల్లా పేరే రెండేళ్లకు ప్రకాశం అయింది. 2022లో నెల్లూరులో కలిపినప్పుడు ఇంకోసారి మారింది. ఇల్లు మాత్రం ఉన్నచోటే ఉంది. చిరునామా టైపు చేయాల్సి వస్తే ఆధార్‌లో ఎలా ఉంటే అలాగే కొట్టండి, తప్పున్నా సరే. దిద్దాలనిపిస్తే ఆధార్ కేంద్రంలో దిద్దించండి, యాప్‌లో కాదు.

ఒంగోలు నుంచి 19 ఏళ్ల విద్యార్థి: "వీడియో సెల్ఫీలో తల తిప్పమంటే తిప్పాను, కళ్లు ఆర్పమంటే ఆర్పాను. అయినా ముఖం సరిపోలేదంటోంది. ఫోన్ మార్చాలా?"

ఫోన్ కాదు, ఫొటో మార్చాలి. మీ ఆధార్ ఫొటో ఎప్పటిదో చూడండి. 5 ఏళ్లప్పుడు, 15 ఏళ్లప్పుడు వేలిముద్రలు, కనుపాప, ఫొటో మళ్లీ ఇవ్వాలన్నది నిబంధన. పదో తరగతి, ఇంటర్ హడావిడిలో ఆ రెండోది ఇళ్లలో ఎవరికీ గుర్తుండదు. రెండో తరగతి పిల్లాడి ముఖంతో మీసాలొచ్చిన కుర్రాడిని పోల్చమంటే ప్రోగ్రాం మాత్రం ఏం చేస్తుంది పాపం.

కెమెరా మీద కూడా నాకో అనుమానం ఉంది. ఈ మధ్య ఫోన్లలో చాలావాటికి ముందు కెమెరా మనల్ని అందంగా చూపించే సెట్టింగ్ కొన్న రోజు నుంచే ఆన్‌లో ఉంటుంది. చర్మం నున్నన, దవడ సన్నన. మా ముఖం దిద్దమని మిమ్మల్ని ఎవరడిగారయ్యా? దాన్ని ఆపేసి, పగటిపూట కిటికీకి ఎదురుగా నిలబడి ప్రయత్నించండి.

ముత్తుకూరు దగ్గర పల్లె నుంచి ఒక పాఠకుడు: "మా ఊరాయన ఒకరు రొయ్యల మేత వ్యాపారం చేస్తారు. నా పేరున ఎక్స్ఛేంజ్‌లో కేవైసీ చేసి లాగిన్ ఇస్తే నెలకి 3 వేలు ఇస్తానంటున్నారు. ఆయన పాన్‌లో ఏదో సమస్య ఉందట. నేను ఒక్క రూపాయి పెట్టక్కర్లేదు. నాకు పోయేదేముంది?"

ఈ ప్రశ్న నాకు ఇది మొదటిసారి కాదు. ఊళ్లు మారతాయి, ఇస్తానన్న డబ్బు మారుతుంది, కథ మారదు. అడిగే మనిషి పాన్‌లో ఎప్పుడూ 'ఏదో సమస్య' ఉంటుంది. అదేంటో ఎవరూ అడగరు.

కేవైసీ చేయడమంటే కార్డు చూపించి రావడం కాదు. ఈ ఖాతాలో జరిగే ప్రతి లావాదేవీ నాదేనని ఒప్పుకోవడం. 2023 మార్చి 7న కేంద్ర ఆర్థిక శాఖ ఇచ్చిన నోటిఫికేషన్‌తో క్రిప్టో ఎక్స్ఛేంజ్‌లు మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చాయి. ఖాతాదారు ఎవరో తేల్చుకోవాలి, లావాదేవీల రికార్డు దాచాలి, అనుమానం వస్తే ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌కి (అనుమానాస్పద లావాదేవీల మీద కన్నేసే కేంద్ర సంస్థ) తెలియజేయాలి. తెలియజేసేది మీ పేరు. మేత వ్యాపారి పేరు ఆ పుస్తకాల్లో ఎక్కడా లేదు.

ఎలా జరుగుతుందో చెబుతాను. ఎక్కడో ఒక రిటైర్డ్ మాస్టారికి 'డిజిటల్ అరెస్ట్' అంటూ దొంగ పోలీసుల నుంచి వీడియో కాల్ వస్తుంది. ఆయన భయపడి 4 లక్షలు పంపేస్తారు. ఆ డబ్బు గంట తిరక్కుండా మూడు నాలుగు ఖాతాలు మారుతుంది. చివరి ఖాతా మీది అనుకుందాం. అక్కడ రూపాయలు యూఎస్‌డీటీగా (డాలర్ విలువతో నడిచే క్రిప్టో) మారి, ఎవరిదో తెలియని వాలెట్‌కి, అంటే క్రిప్టో దాచుకునే ఖాతాకి వెళ్లిపోతాయి. మాస్టారు తేరుకుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తారు. డబ్బు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకి పోయిందో బ్యాంకులు ఒక్కొక్కటే పట్టుకుంటూ వస్తాయి. వాలెట్ దాకా వచ్చేసరికి పేర్లు ఆగిపోతాయి. ఆ జాబితాలో ఆఖరి పేరు మీది.

ముందు బ్యాంకు ఖాతా ఫ్రీజ్ అవుతుంది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీకి బదులు వచ్చిన చట్టం) 106వ సెక్షన్ కింద పోలీసులు ఆ పని చేయిస్తుంటారు. నోటీసు పంపిన స్టేషన్ మన జిల్లాలోనే ఉండాలని లేదు, మాస్టారు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రంలో ఉంటుంది. మీ కూలి డబ్బులు, ధాన్యం డబ్బులు, డ్వాక్రా కిస్తీ కట్టాల్సిన సొమ్ము అన్నీ ఆ ఖాతాలోనే ఇరుక్కుంటాయి. భాష రాని స్టేషన్ చుట్టూ తిరగడానికి రైలు ఛార్జీలకి కూడా ఆ 3 వేలు చాలవు.

పోలీసుల దాకా పోకపోయినా పన్ను వదలదు. క్రిప్టో అమ్మకాల మీద 1 శాతం టీడీఎస్ 2022 జులై 1 నుంచి అమల్లో ఉంది, అది కోసేది మీ పాన్ మీద. ఆయన నెలకి 50 లక్షల అమ్మకాలు చేస్తే 50 వేల టీడీఎస్ మీ పన్ను రికార్డులో కనబడుతుంది. ఇన్ని లక్షలు ఎక్కడివని ఆదాయపు పన్ను శాఖ అడిగేది మిమ్మల్నే. లాభం మీద 30 శాతం పన్ను, ఆపైన సెస్సు. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలోంచి తగ్గించుకోవడానికి కూడా లేదు.

"మా ఊరాయనేనండీ, చాలా మంచివాడు" అని మీరు కింద ఇంకో వాక్యం రాశారు. కావచ్చు. ఆయనకి ఈ పని అప్పజెప్పినవాడు ఇంకొకడు ఉంటాడు. వాడు ముత్తుకూరు పేరు కూడా విని ఉండడు.

లాగిన్ ఇప్పటికే ఇచ్చేసినవాళ్లు ఈ రాత్రికే కూర్చోండి. ముందు ఖాతాకి ఇచ్చిన మెయిల్ ఐడీ ఎవరిదో చూడండి. చాలాసార్లు ఆ మెయిల్ కూడా అవతలివాడే తయారుచేసి ఇస్తాడు, అప్పుడు పాస్‌వర్డ్ మార్చినా తిరిగి వాడి చేతికే వెళ్తుంది. మెయిల్ మీదే అయితే పాస్‌వర్డ్ మార్చి, అన్ని ఫోన్ల నుంచి లాగౌట్ కొట్టి, రెండో దశ కోడ్ మీ ఫోన్‌కి పెట్టుకోండి. తర్వాత లావాదేవీల చిట్టా మొత్తం డౌన్‌లోడ్ చేసుకోండి. ఖాతా మూసేయమని ఆ తర్వాతే రాయండి, ముందే మూస్తే చిట్టా దొరకడం కష్టమవుతుంది. చిట్టాలో మీకు తెలియని పెద్ద మొత్తాలు కనిపిస్తే ఒక వకీలుతో మాట్లాడి, పోలీసులు వెతుక్కుంటూ రాకముందే మీరే సైబర్ క్రైమ్ స్టేషన్‌కి వెళ్లండి. టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో మీ పేరున ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కూడా చూసుకోండి. ముఖం అద్దెకి తీసుకున్నవాడు సిమ్‌ని మాత్రం వదులుతాడా?

కందుకూరు నుంచి: "టెలిగ్రామ్‌లో కస్టమర్ కేర్ వాళ్లు వెరిఫికేషన్ పూర్తి కావాలంటే 8,500 డిపాజిట్ కట్టమన్నారు. వాపసు వస్తుందట. నంబరు గూగుల్‌లో పైనే దొరికింది."

వాపసు రాదు. వెరిఫికేషన్‌కి డిపాజిట్ అడిగేది ఎక్స్ఛేంజ్ కాదు, దొంగ. గూగుల్‌లో అన్నిటికంటే పైన వచ్చేది చాలాసార్లు డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటన. కట్టేసి ఉంటే 1930కి ఇప్పుడే చేయండి, రేపు కాదు. వాళ్లు వేయించిన స్క్రీన్ షేర్ యాప్ ఫోన్‌లో ఉంటే తీసేయండి. ఇంకో మాట. ఆధార్ ఎక్కించే ముందు ఆ ఎక్స్ఛేంజ్ ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌లో నమోదైందో లేదో చూడాలి. నమోదు కాలేదని 2023 డిసెంబర్ 28న ఆ సంస్థ తొమ్మిది విదేశీ ఎక్స్ఛేంజ్‌లకి షోకాజ్ నోటీసులిచ్చి, వాటి వెబ్‌సైట్లు ఆపమని కేంద్ర ఐటీ శాఖకి రాసింది. నమోదైతే డబ్బు భద్రమని కాదు, అడగడానికి ఒక తలుపు ఉంటుందంతే.

ఒంగోలు లాయర్‌పేట నుంచి: "ఎక్స్ఛేంజ్ ఖాతా మూసేశాను. నా ఆధార్, పాన్, సెల్ఫీ తుడిచేయమని అడగొచ్చా?"

అడగొచ్చు, కానీ వెంటనే తుడవరు. ఖాతా మూసేశాక కూడా 5 ఏళ్లు గుర్తింపు రికార్డులు దాచాలని మనీ లాండరింగ్ చట్టమే చెబుతోంది. అందుకే ఒక్కసారి కేవైసీ చేస్తే ఏళ్ల తరబడి ఆ కంపెనీ బీరువా తాళం గట్టిదని నమ్ముతూ బతకాలి. పెద్ద కంపెనీల బీరువాలూ అంత గట్టివేం కావు. అమెరికాలోని ఒక పెద్ద ఎక్స్ఛేంజ్ 2025 మేలో చెప్పిన సంగతి ఇది. విదేశాల్లోని తమ కస్టమర్ సపోర్ట్ సిబ్బందిలో కొందరికి లంచమిచ్చి, ఖాతాదారుల వివరాలు, గుర్తింపు కార్డుల బొమ్మలు దొంగలు తీసుకుపోయారు. 2 కోట్ల డాలర్లు ఇవ్వమని బెదిరించారు. తాళం పగలగొట్టే అవసరమే రాలేదు, లోపలివాళ్లే తీసిచ్చారు. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. ముఖాన్ని ఏం చేసి మారుస్తాం?

మీ చేతిలో ఉన్నవి రెండు మూడు పనులు. మీ వేలిముద్ర, కనుపాప ఇంకెవరూ వాడకుండా ఆధార్ సైట్‌లో బయోమెట్రిక్ లాక్ వేసుకోండి. మీ ఆధార్ ఎప్పుడెప్పుడు వాడారో అక్కడే చిట్టా ఉంటుంది, నెలకోసారి చూడండి. అవకాశం ఉన్నచోట కార్డు ఫొటో ఎక్కించకుండా డిజిలాకర్ దారిలో వెళ్లండి. కాపీ ఇవ్వక తప్పనిచోట మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి.

ఎక్స్ఛేంజ్‌ని తిట్టే ముందు మన వీధి చివర కూడా చూసుకోవాలి. మొన్న నెల్లూరులో ఒక నెట్ సెంటర్‌లో నా కాగితం ప్రింట్ తీయించుకోవడానికి వాట్సాప్‌లో పంపాను. ఆ కుర్రాడు దాన్ని తెరవబోయి డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచాడు. తెర నిండా ఆధార్‌లు, పాన్‌లు, చెక్కు చేతిలో పట్టుకుని దిగిన సెల్ఫీలు. ఇవన్నీ ఏంటి అబ్బాయా అంటే, కేవైసీకి వచ్చినవాళ్లవి అన్నా, మళ్లీ వస్తారని ఉంచాను అన్నాడు. నా ముందే అన్నీ తీసేయమన్నాను, ఏమీ అనకుండా తీసేశాడు. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చెయ్యి అన్నాను.

"అదెందుకన్నా? పొరపాటున పోయినవి నాకు అందులోనే గదా దొరికేది," అన్నాడు.