సిలికాన్ గిన్నెలకి పసుపు, జిడ్డు, సబ్బు వాసన పడితే ఏం చేయాలి?

పాపకి ఏడో నెలలో కొన్న సిలికాన్ ప్లేటు, గిన్నె నెల తిరక్కుండానే పచ్చగా అయిపోయాయని, ఎంత తోమినా జిడ్డు వదలట్లేదని, పైగా సబ్బు వాసన వస్తోందని, పారేయాలా అని అడిగారు. అస్సలు పారేయద్దండీ. మా పెద్దవాడికి కొన్న గిన్నెలోనే ఇప్పుడు చిన్నది పప్పన్నం తింటోంది, ఇప్పటికీ బాగానే ఉంది.

మీరు చెప్పిన మూడు సమస్యలకీ మూలం ఒక్కటే, నూనె. సిలికాన్ వేడికి తట్టుకుంటుంది, కింద పడితే పగలదు, కానీ నూనెని, నెయ్యిని పట్టి ఉంచుకుంటుంది. పసుపులోని రంగు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది, అందుకే నెయ్యి వేసిన పెసరపప్పు కిచిడీ పెట్టిన రోజున మరక గట్టిగా పడుతుంది. సబ్బు సువాసన కూడా ఆ జిడ్డు పొరలోనే చేరి కూర్చుంటుంది. కాబట్టి ముందు జిడ్డు వదిలించండి, మిగతావి తేలికవుతాయి.

పాప తినగానే, నీళ్లు పోయకముందే, గిన్నెలో పొడి శనగపిండి ఒక చెంచా వేసి చేత్తో రుద్దండి. నెయ్యంతా పిండికి అంటుకుని ఉండలు ఉండలుగా వచ్చేస్తుంది, దాన్ని చెత్తబుట్టలో వేసి, ఆ తర్వాత చెయ్యి పట్టగలిగినంత వేడి నీళ్లతో, వాసన లేని లిక్విడ్ రెండు చుక్కలు వేసి మెత్తటి స్పాంజితో కడగండి. చన్నీళ్లతో కడిగితే నెయ్యి పేరుకుని గిన్నె అంతా పులుముకుంటుంది తప్ప పోదు. కడిగాక తడి వేలితో లోపల రుద్ది చూడండి, కిర్రుమంటే జిడ్డు పోయినట్టు, వేలు జారిపోతుంటే ఇంకా ఉన్నట్టు. నేను రోజూ చూసుకునేది ఇదొక్కటే.

ఇంకో విషయం, గిన్నెలు తోమే సబ్బు బిళ్ళ రాయగానే పసుపు మరక ఒక్కసారిగా ఎర్రగా మారి చాలామంది కంగారు పడతారు. దిష్టి తీయడానికి పసుపులో సున్నం కలిపితే ఎర్రనీళ్లు వస్తాయి చూడండి, ఇదీ అంతే, క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. బాగా కడిగేస్తే మళ్ళీ పచ్చరంగుకే వచ్చేస్తుంది, గిన్నెకేమీ కాలేదు.

ఆ పచ్చరంగుకి మందు ఎండే. పసుపు రంగు వెలుతురుకి విరిగిపోతుంది. జిడ్డు పూర్తిగా వదిలించిన గిన్నెని తడిగానే బాల్కనీలో నేరుగా ఎండ తగిలేలా బోర్లించకుండా పెట్టండి. మన ఎండాకాలంలో సాయంత్రానికి చాలావరకు తేలిపోతుంది, ముసురు రోజుల్లో ఆలస్యమవుతుంది. కొద్దిగా నీడ మిగిలినా ఫర్వాలేదు, అది రంగే, మురికి కాదు. దానికోసం బ్లీచ్ జోలికి మాత్రం వెళ్లకండి, స్టీలు పీచుతో కూడా రుద్దకండి, గీతలు పడితే వాటిలో మెతుకులు ఇరుక్కుంటాయి.

సబ్బు వాసనని తేలిగ్గా తీసుకోకండి. పిల్ల ముద్ద నోట్లో పెట్టగానే ముఖం తిప్పేసుకుంటుంటే కారణం వంట కాకపోవచ్చు. గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోసి కాసేపయ్యాక మీరే ఒక గుక్క తాగి చూడండి, తేడా నాలుకకి తెలిసిపోతుంది. అలా ఉంటే ఉత్త నీళ్లలో పది నిమిషాలు మరిగించి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో ఇంకోసారి మరిగించి, గాలికి పెట్టండి. నిమ్మ వాసన సబ్బులు ఈ గిన్నెలకి వాడటం ఆపేయండి, సబ్బు నీళ్లలో రాత్రంతా నానబెట్టడమూ వద్దు. మరిగించేటప్పుడు గిన్నె మునిగేంత నీళ్లు ఉండాలి, కట్టె పిడి ఉన్న చెంచాలు, వెదురు గిన్నెలు మాత్రం అందులో వేయకండి, పగుళ్లిస్తాయి.

మరిగించాక తెల్లటి పొడిలాంటి పొర కనిపిస్తే అది బూజు కాదు, బోరు నీళ్లలోని ఉప్పు పట్టడం. వెనిగర్లో సమానంగా నీళ్లు కలిపి అరగంట ఉంచి కడిగితే పోతుంది, నిమ్మరసమైనా పనిచేస్తుంది.

రోజూ మరిగించాలా అంటే, ఆరు నెలలు దాటిన ఆరోగ్యంగా ఉన్న పిల్లలకి తిన్న వెంటనే శుభ్రంగా కడిగి, పూర్తిగా ఆరబెడితే చాలు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలైతే మీ డాక్టర్ చెప్పినట్టు చేయండి. ఆరబెట్టడం మాత్రం నిజంగా ముఖ్యం. ప్లేటు అడుగున బల్లకి అతుక్కునే రింగు ఉంటుంది కదా, దాని లోపల తడి నిలిచిపోతుంది, పైన తళతళలాడుతున్నా అడుగున బంక పేరుకుంటుంది. తిరగేసి, రింగు అంచుని వేలితో ఎత్తి కడగండి. తడి మీద ఒకదానిలో ఒకటి దొంతి పెట్టి అల్మారాలో పెట్టేయద్దు.

ఇక పారేయాల్సింది ఎప్పుడంటే, పాప పళ్ళతో కొరికి ముక్క ఊడినా, చీలిక పడినా, స్ట్రా గ్లాసు మూత సందుల్లో నల్ల చుక్కలు కనిపించి కడిగినా పోకపోయినా ఆలోచించకుండా తీసేయండి. చీలిన ముక్క గొంతుకి అడ్డం పడగలదు. ఈసారి కొనేటప్పుడు అతుకులు లేకుండా ఒకే ముక్కగా పోత పోసినవి, కాస్త ముదురు రంగువి తీసుకోండి, చెంచా కూడా పిడితో సహా సిలికానే ఉన్నది చూసుకోండి.